నీళ్లగుట్ట మీద రెండు కూతలు

ఏటికి అడ్డంగా కట్ట లేచి, పట్నానికి తాగునీరు నిలిచిన నాటినుంచి, సురంగల్ దాపున ఉన్న పాలగుట్టకు రెండు బతుకులు వచ్చాయి. ఎండాకాలంలో అది గుట్ట. మేకలు నడిచి వెళ్తాయి. వానాకాలంలో అది దీవి. మేకలు ఒడ్డున నిలబడి చూస్తాయి. నీరు నాలుగు దిక్కులా చుట్టుకున్నాక జనం దాన్ని పాలగుట్ట అనడం మానేసి నీళ్లగుట్ట అంటారు.

నీరు పెరిగేకొద్దీ గుట్ట చిన్నదవుతుంది. మరి గుట్టమీది పిట్టలు ఏమవుతాయి? అడుగున తంగేడు పొదలో కాపురముండే పూరేడు, పొద మునిగితే పైకి నడుస్తుందా, ఒడ్డుకు ఎగిరిపోతుందా? పైనున్నవి కిందివాటికి చోటిస్తాయా, తరిమికొడతాయా? జంగ్లాత్ మహకమా సాహెబు చాలా ఏళ్లుగా ఈ ప్రశ్నలను మనసులో దాచుకున్నాడు. అడవుల కొలువులో జుట్టు నెరిసిన మనిషి ఆయన. అడిగేవాళ్లు లేక ఆ ప్రశ్నలు అట్లాగే ఉండిపోయేవి, మేరీ ఆయన కచేరీ మెట్లు ఎక్కకపోయి ఉంటే.

మేరీ చేవెళ్ల మిషను బడిలో పంతులమ్మ. అది లోకమంతా యుద్ధం నడుస్తున్న ఏడు. పెట్రోలు దొరకక చేవెళ్ల బస్సు తన వెనక బొగ్గుల కొలిమిని మోసుకుంటూ, దగ్గుతూ, ఆగుతూ తిరుగుతున్నది. బొగ్గు లేనిదే బస్సు లేదు. చెట్టు లేనిదే బొగ్గు లేదు. అందుకని మొయినాబాదు వర్తకుడు రామేశ్వర్ నీళ్లగుట్ట మీది చెట్లన్నీ బొగ్గుకు ఇవ్వమని అడిగాడు. సాహెబు ఇస్తానన్నాడు. అప్పుడు వచ్చింది మేరీ.

"పోయిన వానకాలం బడిపిల్లలను పుట్టిల ఎక్కించుకొని గుట్టకు పోయిన సాహెబ్. పైనుంచి ఒక కూత విన్న. రెండే కూతలు. ఒకటి ఎక్కుతది, ఒకటి దిగుతది. చిన్నప్పుడు అనంతగిరిల విన్న దాన్ని. దట్టమైన అడివిల తప్ప ఆ పిట్ట ఉండదు" అన్నది.

"కండ్లతోని చూసినవా?"

"చూడలే. విన్న."

సాహెబు గడ్డం నిమురుకున్నాడు. చివరకు ఒక మాట తేల్చాడు. వానలు మొదలైన నాటినుంచి ప్రతి శనివారం గుట్టమీది పిట్టలను లెక్కపెట్టాలి. అడుగున ఒకరు, నడుమ ఒకరు, పైన ఒకరు. శ్రావణం ముగిసేలోగా పై వరుసలో ఆ అడవిపిట్ట లెక్కకు వస్తే చెట్లు నిలుస్తాయి. రాకుంటే గొడ్డలి పడుతుంది.

నడుమ వరుస మేరీ తీసుకున్నది. పై వరుసకు సురంగల్ మల్లప్పను పెట్టారు. మల్లప్ప చుట్టుపక్కల ఊళ్ల కళ్లాల్లో ధాన్యం కొలిచే మనిషి. చెవి కొంచెం మందమే గాని కన్ను డేగకన్ను. ఆయన కుంచం పట్టి కొలిస్తే కొన్నవాడూ అమ్మినవాడూ మారు మాట్లాడరు. అయితే ఆయన మేరీకి పెద్దబాపు అవుతాడు. రామేశ్వర్ అక్కడ అడ్డం తగిలాడు.

"తమ్ముని బిడ్డ కోసం లేని పిట్టను ఉన్నదంటే ఎట్ల సాహెబ్?"

"మల్లప్ప అట్ల అంటడంటవా?" అని అడిగాడు సాహెబు.

రామేశ్వర్ కాసేపు ఆలోచించి, "అనడు" అని ఒప్పుకున్నాడు. "అయినా నా మనిషి ఒకడుండాలె."

ఆ మనిషి ఆయన తమ్ముని కొడుకు ముకుందం. దుకాణంలో తూకం రాళ్ల నడుమ పెరిగి, ఎండకూ వానకూ దూరంగా తెల్లబడిన యువకుడు. అతనికి అడుగు వరుస దక్కింది. సాహెబు ఇంకొక కట్టడి కూడా పెట్టాడు: లెక్క ముగిసేదాకా ఎవరు ఏం చూసిందీ ఇంకొకరికి చెప్పకూడదు. ఎవరి లెక్క వారు సాహెబుకే అప్పజెప్పాలి.

మొదటి శనివారం పుట్టి ఎక్కుతూ ముకుందం రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. తెడ్డు మల్లప్ప చేతిలో ఉన్నది.

"జర మెల్లగ కూసో చిన్నసేటూ. ఇది మీ దుకాణంల గద్దె గాదు."

"నువ్వు జర మెల్లగ తిప్పు. నాకు ఈత రాదు."

"ఈత రానోనికే పుట్టి. వచ్చినోడు ఈదుకుంట పోతడు."

మేరీ నవ్వు ఆపుకుంటూ నీళ్ల వైపు తిరిగింది. ముకుందం చిన్నబుచ్చుకున్నాడు. ఆ రోజంతా ఒక బండ మీద పలక పట్టుకుని కూర్చున్నాడు. గీత గీసేలోగా పిట్ట ఎగిరిపోయేది. ఎగిరిపోయిందే తిరిగి వచ్చిందో, వేరొకటి వచ్చిందో తెలిసేది కాదు. దిగి వచ్చేటప్పుడు విసుగ్గా అన్నాడు: "కదలకుండ ఉంటె గద లెక్కవెట్టేది."

"మీ బస్తాలకు రెక్కలొస్తె మీరు సుత దుకాణం బంద్ చేస్తరు" అన్నది మేరీ.

వారాలు గడిచాయి. వాన మీద వాన, ఏటికి ఏరు తోడు. నీరు గుట్టను కొంచెం కొంచెంగా మింగుతూ వచ్చింది. ముకుందం కూర్చున్న బండ మునిగితే, సాహెబు సెలవుతో ఇంకొంచెం పైబండకు జరిగాడు. అప్పుడు అతనికి తెలియకుండానే అతనిలో ఏదో కదిలింది. గోరింకలు నీళ్లు చూడగానే గుంపుగా ఒడ్డుకు వెళ్లిపోయాయి. వాటికి ఈ గుట్ట కాకపోతే ఇంకో గుట్ట. పిగిలిపిట్ట మాత్రం పొద మునిగి కొమ్మ చివర మిగిలేదాకా ఆ చివరనే పట్టుకుని ఊగింది. పూరేడు తన పిల్లలను వెంటేసుకుని, ఆగి ఆగి, గడ్డిలోంచి గడ్డిలోకి, నడిచే పైకి వెళ్లింది. రెక్కలుండి ఎందుకు నడుస్తుంది? పిల్లలకు ఎగరడం రాదు గనుకనా? అయితే పైన దానికి తినడానికి ఏముంటుంది? ముకుందం శనివారం కోసం ఎదురుచూడసాగాడు. దుకాణంలో ఉప్పు తూస్తూ వాకిట్లో వాలిన పిచ్చుకలను చూస్తూ ఉండిపోయేవాడు.

"త్రాసు అటు, కండ్లు ఇటు" అని రామేశ్వర్ గద్దించాడు. "పైన ఏమన్న కనవడుతున్నదా?"

"నేను అడుగున ఉంట పెదనాయినా. పైది నాకేం ఎర్క."

నిజానికి అతనికి కొంచెం ఎరుకే. ఒక మబ్బు పట్టిన శనివారం, గాలి ఆగి, ఆకు ఆగి, నీళ్లు కూడా ఆగినట్టున్న వేళ, పైనుంచి ఈలలాంటి కూత దిగివచ్చింది. ఒకటి ఎక్కింది. ఒకటి దిగింది. పలక ఒళ్లో పెట్టుకుని ముకుందం మెడ ఎత్తాడు. మళ్లీ వినపడలేదు. అయినా ఆ కూత అతనిలోనే ఎక్కడో వాలి కూర్చున్నది. అది ఎట్లా ఉంటుంది? ఏ రంగు? ఎంత ఉంటుంది? ఆ సాయంత్రం ఒడ్డున సాహెబు ముందు మల్లప్ప తన మూటలు విప్పాడు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క గుడ్డముడి, ముడిలో చింతగింజలు. వడ్రంగిపిట్ట గింజలు, జెముడుకాకి గింజలు, పిగిలిపిట్ట గింజలు. కొత్త ముడి ఏదీ లేదు. మేరీ ఆ ముడుల వంక చూసి, చెప్పులు చేతపట్టుకుని బురదలో నడిచిపోయింది.

ముకుందం అయోమయంలో పడ్డాడు. కూత అబద్ధం కాదు. మల్లప్ప అబద్ధమాడడు. రెండూ ఎట్లా నిజమవుతాయి? అడుగుదామంటే కట్టడి అడ్డం. అడగకుంటే నిద్ర పట్టదు.

చేవెళ్ల బజారులో అప్పటికే మేరీకి పేరు పెట్టారు. బస్సు కోసం నిలబడినవాళ్లు, అది రానప్పుడల్లా, "పిట్టల పంతులమ్మను అడుగుండ్రి, పిట్ట మీద పంపుతది" అని నవ్వేవారు. శ్రావణంలో చివరి శనివారానికి ముందు సాహెబు ఆమెను పిలిచి మెత్తగానే చెప్పాడు.

"నీ మాట మీద ఇన్ని దినాలు ఆపిన పంతులమ్మా. రేపటి లెక్కల గా పిట్ట రాకుంటే నేను దస్తఖత్ చెయ్యాలె."

"చెయ్యుండ్రి సాహెబ్. విన్నది మాత్రం విన్న" అన్నది మేరీ. గొడుగు విప్పుకుని మెట్లు దిగింది.

ఆ చివరి శనివారం నీరు ముకుందం బండలన్నింటినీ దాటింది. అతని వరుసలో మిగిలింది పూరేడు సంసారం ఒక్కటే. అది నడిచింది, అతనూ వెనకనే నడిచాడు. సీతాఫలం చెట్ల మధ్య కూర్చున్న మేరీని దాటాడు. ఆమె పెదవి కదపకుండా చేత్తో 'పో' అన్నది. పైన రెండు పెద్దబండల నడుమ ఒక పల్లం. పాలచెట్లు అల్లుకుని, మధ్యాహ్నంలోనూ సందెవేళలా ఉన్నది. ఆకులు కుళ్లి మెత్తబడిన నేల, తడివాసన, బండసందులో చిన్న నీటిగుంట. గుట్ట మీద ఇట్లాంటి చోటు ఉన్నదని ముకుందానికి అప్పటిదాకా తెలియదు.

బండకు ఆనుకుని మల్లప్ప కూర్చున్నాడు. అతని ముందు మోదుగాకు దొప్పలు వరుసగా ఉన్నాయి, జాతికొక దొప్ప; దిగేటప్పుడు ఆ గింజలే గుడ్డముడుల్లోకి పోయేవి. పక్కన చింతగింజల సంచి.

"నువ్వెందుకొచ్చినవ్ చిన్నసేటూ?"

"నా బండలు మునిగినయి. మాట్లాడకు, లెక్క చూస్కో."

కూర్చున్నారు. మబ్బు ఇంకొంచెం దిగింది. అప్పుడు, పది బారల దూరం కూడా లేకుండా, ఆ కూత లేచింది. ఒకటి ఎక్కింది, ఒకటి దిగింది. ముకుందం ఊపిరి బిగబట్టాడు. మల్లప్ప కదలలేదు, అతని మందపు చెవిని ఆ సన్నని ఈల తాకనే లేదు. కాని ఆకుల మీదికి ఒక పిట్ట గెంతగానే అతని డేగకన్ను పట్టుకున్నది. ఆకుపచ్చని వీపు, రెక్కమీద ఆకాశపు ముక్క, సెనగపిండి రంగు రొమ్ము, కంటిమీదుగా నల్లని గీత, తోక కింద కుంకుమ. తోక ఉన్నదా లేదా అన్నంత పొట్టి. అది ఆకులను ముక్కుతో తిరగేసి, మెడ పైకెత్తి చూసి, బండచాటుకు గెంతిపోయి, అక్కడినుంచి మళ్లీ కూసింది.

మల్లప్ప సంచి పక్కనుంచి కొత్త దొప్ప ఒకటి తీసి వరుసలో పెట్టాడు. అందులో గింజ వేయలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ముకుందం చూశాడు. ఇంకొంతసేపు చూశాడు. దొప్ప ఖాళీగానే ఉన్నది.

"మల్లప్పా, గింజెయ్యవా?"

"రెండోది రానీ."

"మొదటిది వచ్చింది గద."

"తొలిది దేవునిది" అన్నాడు మల్లప్ప, ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

ముకుందం కళ్లముందు కళ్లం మెదిలింది. ధాన్యం కొనడానికి పెదనాయన వెంట వెళ్లిన ప్రతిసారీ చూసిందే. మల్లప్ప మొదటి కుంచం నింపి, లెక్క చెప్పకుండా, వేరే గంపలో పోస్తాడు. రెండో కుంచాన్ని పట్టుకుని 'ఒకటి' అంటాడు. పిగిలిపిట్టలు గుంపులుగా ఉన్నచోట ఒకటి తగ్గితే ఎవరికీ తెలియలేదు. ఎప్పుడూ ఒంటరిగా వచ్చే పిట్టకు మాత్రం ఆ ఒక్కటే అంతా.

"ఇది ప్రతి శనివారం కనవడుతదా?"

"ఎన్నడు తప్పలే. ఎన్నడు ఒక్కటే. దొప్ప పెడ్త, ఖాళీ దొప్ప ఈడనే ఇడిసి పోత." మల్లప్ప నవ్వాడు. "మంచి అందమైంది. దేవుడు మంచిదాన్నే తీసుకుంటుండు."

ముకుందం గుట్ట దిగాడు. ఒడ్డున సాహెబు పక్కన పెదనాయన నిలబడి ఉన్నాడు, దస్తఖత్తు చూడటానికి. చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదు. అతని లెక్క అడుగు వరుసది, పై వరుసతో అతనికి పని లేదు. కాని ఆ పిట్ట ఎక్కడినుంచి వచ్చింది? ఒంటరిగా ఎందుకున్నది? చెట్టు పడితే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది ఎవరు? పుట్టి ఒడ్డు చేరేసరికి అతని మనసులో తెలుసుకోవాలన్న కోరిక, భయం కన్నా ఒక వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచింది.

సాహెబు మూటలు విప్పాడు. "ఇంతేనా మల్లప్పా?"

"ఇంతే సాహెబ్."

"చూసిన్రా" అన్నాడు రామేశ్వర్, నిజమైన మెప్పుతోనే. "సొంత తమ్ముని బిడ్డకోసం సుత ఒక్క గింజ ఎక్కువెయ్యలే. మనిషంటే గది."

మేరీ తల వంచుకున్నది.

"సాహెబ్" అన్నాడు ముకుందం. "ఒక దొప్ప పైన్నే ఉన్నది. ఖాళీది."

అతను చూసినదంతా చెప్పాడు. కళ్లం సంగతి చెప్పాడు. చెప్తున్నప్పుడు పెదనాయన వైపు చూడలేదు. సాహెబు మల్లప్ప చెవి దగ్గర నోరుపెట్టి, "తొలి పిట్ట లెక్కల పడదా?" అని అడిగాడు.

"తొలిది ఎట్ల పడుతది సాహెబ్? తొలి కుంచం కోతపండుగకు మన మిషను గుడికి పోతది. మా తాతలకు గుడి లేనప్పుడు సుత గట్లనే తీసిన్రు."

"మరి నాకన్న చెప్పద్దా?"

"దేవునికిచ్చినదాన్ని మళ్ల ఎత్తి చూపుతరా?"

మేరీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. "పెద్దబాపూ, ఇన్ని దినాలు నా నెత్తిమీద గొడ్డలి పెట్టి గూసున్నవా" అన్నది.

"నువ్వు చెప్పింది కూసే పిట్ట గదనే. నేను చూసింది కూయని పిట్ట."

"అది కూస్తది. నీకు వినవడది."

రామేశ్వర్ ముఖం ఎర్రబడింది. "ఒక్క పిట్ట కోసం బస్సు ఆపుతరా సాహెబ్? దవాఖానకు పోయే బాలింతలు తొవ్వల నిలవడ్డరు."

సాహెబు ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. "ఒక్కటే అయితే ముసాఫిర్. తొవ్వల పోతు ఆగింది, పోతది. ఇల్లు కట్టుకుంటేనే గుట్ట దానిది. రేపు పొద్దుగాల నేనే పోయి చూస్త."

మరునాడు ఆదివారం. తెల్లవారేలోపు నలుగురూ పాలచెట్ల పల్లంలో చేరారు: సాహెబు, మేరీ, మల్లప్ప, ముకుందం. రామేశ్వర్ రాలేదు. మల్లప్ప పొద్దెక్కాక ఆరాధనకు వెళ్లొచ్చన్నాడు. వెలుతురు ఆకుల మీద మెల్లగా పాకింది. పిట్ట వచ్చింది. మేరీ దాన్ని మొదటిసారి చూసింది. ఆమె చేయి దానంతటదే గుండెమీదికి వెళ్లింది. పిట్ట తడినేలలోంచి ఒక ఎర్రను లాగింది. మింగలేదు. ఇంకొకటి లాగింది. రెండూ ముక్కుకు వేలాడుతుండగా గెంతుకుంటూ బండ వైపు సాగింది.

"తినకుండ ఎందుకు మోస్తున్నది?" అని ముకుందం గుసగుసలాడాడు.

సాహెబు అతని వైపు ఒక్కసారి చూసి, మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టాడు. తెల్లని కోటుకు బురద అంటుతున్నా ఆగలేదు. మిగతా ముగ్గురూ వెనకనే పాకారు. పాలచెట్టు వేర్ల సందులో ఎండాకుల కుప్ప ఒకటి ఉన్నది, గాలి తెచ్చి పోసిందేమో అనిపించేట్టు. పిట్ట దాని ముందు ఆగింది. కుప్పకు పక్కవాటంగా ఒక గుండ్రని నోరు ఉన్నది. అందులోంచి అట్లాంటి పిట్టే ఇంకొకటి తల బయటపెట్టి, మొదటిదానికి దారిచ్చి ఎగిరిపోయింది. లోపలినుంచి సన్నని అరుపులు లేచాయి. పూటపూటకూ మార్చుకుంటూ ఒకటి లోపల ఉంటే ఒకటి బయట. అందుకే మల్లప్పకు ఎప్పుడూ ఒక్కటే కనబడింది.

సాహెబు ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. కొంతసేపటికి, తనలో తాను చెప్పుకున్నట్టు, "పైవరుస, నడిమివరుస బంద్. గొడ్డలి రావద్దు. బొగ్గుకు ఎంకపల్లి దిక్కు తుమ్మలున్నయి, రామేశ్వర్‌కు అవి ఇస్త" అన్నాడు.

"వానలు పోయినంక ఇవి ఏడికి పోతయి సాహెబ్?" అని మేరీ అడిగింది.

"నాకు ఎర్కలేదు పంతులమ్మా. ఎవలకు ఎర్కనో సుత ఎర్కలేదు."

ముకుందం ఇల్లు చేరేసరికి పెదనాయన దుకాణం గద్దె మీద ఉన్నాడు. అన్నం తినమని పిలవలేదు. తుమ్మల సంగతి విన్నాడు, ఊ అన్నాడు. తుమ్మబొగ్గు మంచిదేనని ఆయనకూ తెలుసు; దూరం ఎక్కువ, బండ్లు ఎక్కువ కావాలని కూడా తెలుసు. చాలాసేపు పాత గోనెసంచులు ఒక్కొక్కటే దులుపుతూ ఉండిపోయాడు.

"కళ్లంల వడ్లకున్న పద్ధతి పిట్టలకు సుత పెడ్తడని నాకేం ఎర్క" అన్నాడు చివరకు.

"నాకు సుత ఎర్కలేకుండె పెదనాయినా."

"నా దిక్కు పోయి వాళ్ల దిక్కు చెప్పి వచ్చినవ్."

రామేశ్వర్ ఇంకొక సంచి దులిపాడు. దుమ్ము లేచి, ఎండపొడలో తిరిగి, నేలకు దిగింది. వీధిలో చేవెళ్ల బస్సు దగ్గుతూ వెళ్లిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా అణగిన తర్వాత ఆయన ముకుందం వైపు చూడకుండానే అడిగాడు.

"ఆకుపచ్చది అంటున్నరు. చిలక లెక్కనా?"

"చిలకపచ్చ గాదు. చింతచిగురు ముదిరితే ఉంటది చూడు, గట్లున్నది వీపు."

"రెక్క?"

ముకుందం గడపమీద కూర్చున్నాడు. రెక్క సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.